నాలుగు అంగుళాల వదులు

కత్తెరమ్మకి కోపం ముక్కు మీద ఉంటుందని వీధిలో వాళ్ళు అనుకునేవారు. అది తప్పు. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు. కోపం ఒళ్ళంతా ఉండేది. మిషను తొక్కుతున్నా, కాజాలు కుడుతున్నా దాని సెగ ఎదుటివాళ్ళకి తగులుతూనే ఉండేది. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన ఆరడుగుల మగవాళ్ళు కూడా ఆమె మెడలో టేపు తీసి లేచేసరికి బడిపిల్లల్లా నిలబడేవారు.

ఆ కోపం ఊరికే రాలేదు. భర్త పోయేనాటికి కూతురికి నాలుగేళ్ళు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకోవడానికి వీల్లేదన్నాడు ఇంటి ఓనరు. ఆమె వీధి వీధంతా వినేలా అరిచింది, మిషను పెట్టుకుంది. స్కూల్లో సీట్లు అయిపోయాయన్నారు. ఆఫీసు గది గుమ్మంలో బైఠాయించి మధ్యాహ్నం దాకా లేవలేదు, ఎక్కణ్ణుంచో ఒక సీటు పుట్టుకొచ్చింది. మెత్తగా అడిగినచోటల్లా తలుపు వేశారు, గట్టిగా అడిగినచోటల్లా తీశారు. అలాంటప్పుడు ఏ మనిషైనా ఏం నేర్చుకుంటుంది?

ఆమెకి పడనిది ఇంకొకటి ఉంది. వదులు. చిన్నప్పుడు ఆమె వేసుకున్నవన్నీ ఎవరో వేసుకుని వదిలేసిన బట్టలే. మెడ ఒక పక్కకి జారిపోయే గౌన్లు, అరచేతులు కనపడనివ్వని చొక్కాలు. "ఫర్లేదులే, ఎదుగుతుంది కదా" అనేవారు ఇచ్చినవాళ్ళు. ఆమె ఎదిగేసరికి బట్ట చిరిగేది. అందుకే తన కూతురికి ఒక్క జత కూడా వదులుగా కుట్టలేదు. ముందు ముందు విప్పుకోవచ్చని లోపల మడత దాచే పద్ధతి ఊళ్ళో పిల్లలందరికీ పాటించేది గానీ, కూతురికి మాత్రం కాదు. ఆరు నెలలకోసారి కొత్తగా కొలిచి ఒంటికి అచ్చు గుద్దినట్టు కుట్టేది.

ఆ కూతురికి పదమూడో ఏడు వచ్చాక బాణాలు వేయడం నేర్చుకోవాలన్న కోరిక పుట్టింది. గ్రౌండులో ఒక కోచ్ ఉచితంగా నేర్పుతున్నాడు. విల్లు వాళ్ళే ఇస్తారు, బాణాలు ఆరు ఎవరికి వాళ్ళు తెచ్చుకోవాలి. ఇరవై మంది చేరారు. నెల తిరిగేసరికి అందులోంచి ఎనిమిది మందిని ఏరి, వాళ్ళకే ఏడాది పొడుగునా నేర్పుతాడు. మిగతావాళ్ళు ఇళ్ళకి పోవలసిందే. ఆ ఎనిమిది మందిలో ఉండాలని పిల్ల పైకి అనలేదు. ఏదీ పైకి అనే పిల్ల కాదు. కానీ నిద్రలో కూడా ఎడమ చెయ్యి చాచి పడుకోవడం తల్లి చూసింది. తనకి పుట్టినింట్లో గానీ అత్తింట్లో గానీ ఏదైనా కావాలని అనిపించే వ్యవధే దొరకలేదు. దీనికి దొరికింది. ఆ చోటు దీనికి దక్కి తీరాలనుకుంది.

ఆట సామాన్ల కొట్టతను ముందు ఆమె చెప్పులు చూశాడు, తర్వాత చేతిలోని గుడ్డసంచీ చూశాడు, మొహం అన్నిటికన్నా ఆఖరున చూశాడు. అప్పుడే కత్తెరమ్మకి కడుపు మండింది. అతను మాత్రం నల్లగా నిగనిగలాడే బాణాలు తీసి అద్దాల బల్ల మీద పరిచాడు.

"కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇవేనండి. కార్బన్. తేలిగ్గా ఉంటాయి, సర్రున పోతాయి."

"సర్రున పోయి ఎక్కడ పడతాయి?"

"అంటే?"

"నేర్చుకునే పిల్ల వేసేది బోర్డుకే తగుల్తుందని ఏముంది? గోడకి తగిలితే ఏమవుతుంది?"

"చిన్న పగులు రావచ్చండి."

"పగిలినదాన్ని మళ్ళీ వేస్తే?"

కొట్టతను ఆ బాణాలు కొంచెం వెనక్కి జరిపాడు. "వెయ్యకూడదండి. చీలిపోయి చేతిలో గుచ్చుకునే ప్రమాదం ఉంది. వేసే ముందు ప్రతిసారీ కాస్త వంచి చూసుకోవాలి."

"ఆ ముక్క తేలిగ్గా ఉంటాయని చెప్పకముందు చెప్పాలి."

చెక్కవి తీయమంది. ఒక కన్ను మూసి చూస్తే డజనులో మూడు అప్పటికే వంకర తిరిగి ఉన్నాయి. ఫైబర్‌వి చవగ్గా, గట్టిగానే ఉన్నాయి గానీ చేతిలో పెట్టుకుంటే బరువు. పిల్ల లాగే చిన్న వింటికి అవి సగం దూరంలోనే కూలబడతాయని కొట్టతనే ఒప్పుకున్నాడు, ఆమె చూపు తట్టుకోలేక. చివరికి కింది అరలోంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె బయటికొచ్చింది. అల్యూమినియం బాణాలు. కార్బన్ ధరలో సగం కూడా లేవు.

"ఇవి వంగుతాయండి" అన్నాడు, అమ్మడం ఇష్టం లేనట్టు.

"వంగితే కంటికి కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది."

"అయితే ఇవే కావాలి. లోపల పగిలి పైకి నవ్వుతూ ఉండేవి నాకొద్దు."

పన్నెండు బాణాల్నీ ఒక్కొక్కటే అద్దం మీద దొర్లించింది. తిన్ననిది నిశ్శబ్దంగా దొర్లింది, వంకరది టకటకమని ఎగిరింది. రెక్కలు వేలితో కదిపి చూసింది, వెనక నారి పట్టే గాడిలోకి గోరు పెట్టి చూసింది. ఆరు ఏరి పక్కన పెట్టింది.

"ఇలా ఏరుకుపోతే మిగిలినవి ఎవరు కొంటారండి?"

"వంకరవి వంకరవని చెప్పి అమ్మండి. కొనేవాళ్ళు కొంటారు."

అతను కాగితంలో చుడుతూ, "ఇరవై తొమ్మిది అంగుళాలండి. కోయించకండి, పిల్లలకి పొడుగ్గానే ఉండాలి" అన్నాడు. అప్పటికే ఆ మనిషి మాట మీద నమ్మకం పోయింది కాబట్టి ఆమె అది చెవిన పెట్టలేదు.

మర్నాడు గ్రౌండులో కోచ్ ఒక బాణం తీసుకుని దాని వెనక భాగం పిల్ల గుండెకి ఆనించి, రెండు చేతులూ ముందుకి చాపమని, వేళ్ళు దాటి మొన ఎంత బయటికొచ్చిందో చూశాడట. తల ఊపాడట. మంచివి తెచ్చారు, ఎవరు ఏరారని అడిగాడట. ఆ కబురు విని కత్తెరమ్మ, "ఆయన మెచ్చుకుంటేనేనా మంచివి" అంది గానీ, ఆ పూట మిషను చప్పుడు కూడా కొంచెం హుషారుగా వినిపించింది.

ఆ హుషారు ఆదివారం దాకానే ఉంది. ఆదివారం తనే గ్రౌండుకి వెళ్ళి, తాడు కట్టిన హద్దు వెనక నిలబడింది. కిందటేడు చేరిన పాత పిల్లలు విల్లు లాగి పట్టుకుంటే వాళ్ళ బాణాలు వింటి దగ్గరికి అచ్చంగా వచ్చి ఆగుతున్నాయి. చూడముచ్చటగా ఉంది. తన కూతురి బాణం మాత్రం విల్లు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. పక్కన ఆ పాత పిల్లల్లో ఒకరి తల్లి, డెంటిస్టు, నిలబడి ఉంది. ఆమె పిల్లవి నల్ల బాణాలు. డెంటిస్టు చాలా మంచిగానే అంది, "మీవి కొంచెం పెద్దవైనట్టున్నాయే, సైజు దొరకలేదా? ఫర్లేదులెండి, ఎదుగుతుంది కదా."

ఫర్లేదులెండి, ఎదుగుతుంది కదా. నలభై ఏళ్ళ వయసులో, పదిమందిలో, ఆ మాట మళ్ళీ వినవలసి వచ్చింది. కత్తెరమ్మ చెవులు వేడెక్కాయి. చవకవి కొన్నాను కాబట్టి కోసివ్వకుండా చుట్టబెట్టాడన్నమాట. డబ్బున్నవాళ్ళకి కొలిచి ఇస్తారు, లేనివాళ్ళకి ఉన్నది అంటగడతారు. ఇంటికి వచ్చేదాకా ఆమె పళ్ళు నూరుతూనే ఉంది.

ఇంట్లోకి వస్తూనే తమ్ముడికి ఫోను చేసింది. అతను అల్యూమినియం కిటికీలు బిగించే మేస్త్రీ, పైపులు కోసే సామానంతా ఉంది. అతను వచ్చేలోగా కొలత తీయాలి. విల్లు గ్రౌండులోనే ఉంటుంది కనుక చెక్క స్కేలు కూతురి ఎడమ చేతికిచ్చి, విల్లు లాగినట్టు నిలబడమంది.

"అమ్మా, సారు ఏమన్నారంటే..."

"మీ సారు సంగతీ తెలుసు, ఆ కొట్టోడి సంగతీ తెలుసు. నిటారుగా నిలబడు. చెయ్యి సరిగ్గా చాపు. అలాగేనా చాపడం?"

పిల్ల చెయ్యి చాపింది. టేపు గడ్డం దగ్గర్నుంచి స్కేలు దాకా సాగింది. ఇరవై అయిదు. రెండోసారి గద్దించి మళ్ళీ కొలిచింది. ఇరవై అయిదే.

తమ్ముడు బాణాలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "అక్కా, బట్టయితే అతుకు వేస్తావు. దీనికి నేను అతుకు వేయలేను. ఒకసారి ఎవరినైనా అడిగి..."

"పాతికేళ్ళుగా మనుషుల్ని కొలుస్తున్నా. నా కొలతకి నువ్వు వంక పెడతావా?"

అక్కతో వాదించి గెలిచిన చరిత్ర అతనికి లేదు. మొనలు వేడి చేసి ఊడదీశాడు, నాలుగంగుళాలు కోశాడు, అంచులు ఆకురాయితో రాకి నునుపు చేశాడు, మొనలు మళ్ళీ అతికించాడు. పని శుభ్రంగా చేశాడు, అందులో పేరు పెట్టడానికి లేదు. కత్తెరమ్మ ఆరింటినీ కూతురికి కుట్టిచ్చిన గుడ్డ పొదిలో పెట్టి చూసుకుంది. ఇప్పుడు వాటికి ఒక అందం వచ్చిందనుకుంది.

తర్వాత రెండు వారాలు, ఎలా వేస్తున్నావే అని అడిగితే పిల్ల "బాగానే" అనేది. భుజం నొప్పిగా ఉందనేది. కత్తెరమ్మ వేడినీళ్ళ కాపడం పెడుతూ, పిల్లకి మోయలేని విల్లు ఇచ్చాడని కోచ్‌ని తిట్టిపోసేది. పిల్ల కళ్ళు మూసుకుని కాపడం పెట్టించుకునేది.

జాబితా పెట్టిన రోజు పిల్ల గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఎనిమిది మందిలో నేను లేనమ్మా" అని చెప్పి, మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే తల్లి ఓదార్చేది. ఏడవలేదు కాబట్టి ఒంటికాలి మీద లేచింది. కుడుతున్న చొక్కా సూది కిందే వదిలేసి, మెడలో టేపుతోనే, కూతురి చెయ్యీ బాణాల పొదీ పట్టుకుని గ్రౌండుకి బయలుదేరింది. "వద్దమ్మా" అంది పిల్ల, రెండుసార్లు. వీధి మలుపు తిరిగాక ఆ మాట కూడా మానేసింది.

కోచ్ మోకాళ్ళ నొప్పుల మనిషి. స్టూలు మీద కూర్చుని వింటి నారికి మైనం రాస్తున్నాడు.

"కార్బన్ బాణాలు కొన్నవాళ్ళ పిల్లలకే మీ దగ్గర చోటుంటుందని మొదటి రోజే చెప్పుంటే మేం రాకపోదుం కదా" అని మొదలుపెట్టింది కత్తెరమ్మ. ఆపకుండా చాలాసేపు అంది. కొట్టతన్నీ, డెంటిస్టునీ, స్కూలు ఆఫీసునీ, ఇంటి ఓనర్నీ కలిపి ఆయనొక్కడి మీదే కురిపించింది. ఆయన మైనం ముద్ద పక్కన పెట్టి, ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగాడు.

"మీ పిల్ల విల్లు లాగదమ్మా. సగం లాగి వదిలేస్తుంది. గడ్డం దాకా లాగమని రోజూ మొత్తుకున్నాను. వినదు. బాణాలన్నీ కిందకే పోతాయి. నేనేం చెయ్యను?"

"చవక బాణాలు కిందకే పోతాయని చెప్పండి."

"బాణాలకేం? మీరు తెచ్చినవి మంచివని నేనే కదా అన్నది." ఆయన పొదిలోంచి ఒకటి తీశాడు. తీసిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "వీటిని కోసిందెవరు?"

"నేనే కోయించా. కొలిచి మరీ."

కోచ్ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. పిల్లని దగ్గరికి పిలిచి బాణాన్ని గుండెకి ఆనించి, చేతులు చాపమన్నాడు. పిల్ల చాపింది. మొన వేళ్ళు దాటలేదు సరికదా, వేళ్ళ దాకా కూడా రాలేదు.

"చూశారా. దీన్ని గడ్డం దాకా లాగితే మొన విల్లు దాటి లోపలికొచ్చేస్తుంది. ఆనించిన చోటు నుంచి జారిపోతుంది. అప్పుడు నారి వదిలితే బాణం బోర్డుకి పోదు, విల్లు పట్టుకున్న చేతిలో దిగుతుంది." బొటనవేలి మొదట్లో ఆయన తన చెయ్యి తనే గట్టిగా నొక్కి చూపించాడు. "కొత్త పిల్లలకి బాణం పొడుగ్గా ఉండాలనేది అందుకే. లాగడం రాను రాను పెరుగుతుంది. పాతవాళ్ళకి అది కుదిరాక కోస్తాం. మొదటి రోజు చూశాను కదా అని నేను మళ్ళీ చూడలేదు. నాకూ బుద్ధి లేదు."

కత్తెరమ్మ ఆ చేతి వంక చూసి, కూతురి చేతి వంక చూసింది. అయినా కొలత విషయంలో మాత్రం లొంగలేకపోయింది. "నేను రెండుసార్లు కొలిచాను. ఇరవై అయిదే వచ్చింది" అంటూ మెడలో టేపు లాగి, ఆ రోజులాగే గడ్డం దగ్గర్నుంచి చాచి ఉన్న చేతి దాకా అక్కడికక్కడే పట్టింది. ఇరవై ఏడుకి కొంచెం తక్కువ. టేపు తిరగేసి మళ్ళీ పట్టింది. అంతే వచ్చింది.

"రెండు వారాల్లో చెయ్యి ఇంత పెరుగుతుందా" అంది, ఎవరిని అడుగుతోందో తెలియకుండా.

"పెరగలేదమ్మా" అంది పిల్ల. "ఆ రోజు నువ్వు కోపంగా ఉన్నావు కదా. నువ్వు అరుస్తుంటే నాకు భుజాలు వాటంతటవే ముడుచుకుపోతాయి. చాపుదామన్నా రావు."

చెప్పిన తీరులో ఎత్తిపొడుపు లేదు. వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా చెప్పింది. కత్తెరమ్మకి ఎవరో గూబ మీద కొట్టినట్టయింది.

"పొట్టివని నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది. లాగితే మొన లోపలికొచ్చేసింది. వదలకుండా మెల్లగా దించేశా. అప్పట్నుంచి సగమే లాగుతున్నా. సగంలో ఆపి పట్టుకుంటే భుజం నొప్పి, అంతే."

"తెలిసీ నాకు చెప్పలేదా? చోటు పోతుందని తెలిసి కూడానా?"

పిల్ల ఒకసారి కోచ్ వైపు చూసింది. "సారుకి చెబితే సారు నిన్ను అంటారు, నువ్వు సారుని అంటావు. నీకు చెబితే మామయ్యని తిడతావు, ఆ షాపుకెళ్ళి గొడవ పెట్టుకుంటావు. సగమే లాగితే ఎవరికీ ఏమీ అవ్వదు కదా అనుకున్నా."

పదమూడేళ్ళ పిల్ల రెండు వారాలు రోజూ కూర్చుని చేసిన ఆలోచన అది. ఎవరిని ఎవరు తిడతారో అన్నీ లెక్కవేసుకుని, అందరికంటే నోరులేనిది తనేనని తేల్చుకుని, పోయేదేదో తనకే పోనిమ్మని వదులుకుంది. ఇంటి ఓనరు మీదా, స్కూలు మీదా ఆ కోపాన్ని ఎక్కుపెట్టింది ఈ పిల్ల కోసమే. అది ఇన్నేళ్ళూ ఎవరికి గుచ్చుకుంటూ వచ్చిందో కత్తెరమ్మకి ఇప్పుడు కనపడింది. సిగ్గేసింది. సిగ్గు వెంటనే ఇంకా కోపం వచ్చింది, ఈసారి తన మీదే.

కోచ్ వెళ్ళి గదిలోంచి ఒక విల్లు, పొడుగు బాణం ఒకటి తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు. "ఒక్కటి. పూర్తిగా లాగు. ఏం కాదు, నేను పక్కనే ఉన్నా."

పిల్ల గీత మీద నిలబడింది. ఎడమ చెయ్యి చాచింది, నారి లాగింది. భుజాలు విచ్చుకున్నాయి. నారి గడ్డానికి తగిలింది. కూతురు అంత పొడుగరి అని కత్తెరమ్మకి ఇన్నాళ్ళూ తెలియదు, ఆ పిల్ల బట్టలన్నీ కుట్టింది తనే అయినా. బాణం పోయి బోర్డు కింది అంచున గట్టిగా దిగింది. మధ్యలో కాదు, కానీ దిగింది.

కోచ్ బోర్డు వైపే చూస్తూ అన్నాడు. "జాబితా మార్చను. ఆ ఎనిమిది మందీ కష్టపడ్డారు. పాత విల్లు ఒకటి మూలపడి ఉంది, నారి మార్చుకుంటే పనికొస్తుంది. తొమ్మిదోదానివిగా రావచ్చు. రోజూ పొద్దున్నే ఆరింటికి, వానైనా చలైనా. ఈ రెండు వారాలూ చెడు అలవాటు పడ్డావు, మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. నీకు ఇష్టమేనా? అమ్మకి కాదు, నీకు."

పిల్ల వెనక్కి తిరిగి తల్లి మొహం చూసింది.

ఆ చూపు కత్తెరమ్మకి కొత్తది కాదు. అన్నం పెట్టేటప్పుడు, మార్కులు చెప్పేటప్పుడు, చెప్పులు తెగినప్పుడు, ఏ మాటకైనా ముందు పిల్ల ఒకసారి అలా చూసేది. పెంపకం మంచిది కాబట్టి పెద్దవాళ్ళ అనుమతి అడుగుతోందని గర్వపడేది. అది అనుమతి అడగడం కాదు, వానొస్తుందా రాదా అని మబ్బు వైపు చూడడం లాంటిదని ఇప్పుడు అర్థమైంది. నవ్వుదామని చూసింది. పెదాలు కదిలాయి గానీ, మొహం ఎలా ఉందో ఆమెకే తెలియడం లేదు. ఒంట్లో కోపం ఇంకా చల్లారలేదు. అదంతా తన మీదే, కానీ అది ఎవరి మీదో మొహం మీద రాసి ఉండదు కదా. పిల్ల భుజాలు మెల్లగా ముడుచుకోవడం కనిపించింది.

కత్తెరమ్మ గిరుక్కున తిరిగి, తాడు దాటి, గేటు బయటికి నడిచింది. రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడింది. ఒకసారి వెనక్కి తిరిగి చూడాలనిపించి, గేటు ఊచ పట్టుకుని ఆగింది.

వెనక కోచ్ మళ్ళీ ఏదో అడిగాడు. కూతురి గొంతు మొదలైంది. మాటలు వినపడలేదు. అవునో కాదో ఒక్క ముక్కలో తేలిపోయే జవాబుకి, ఆ పిల్ల చాలాసేపు మాట్లాడింది.